మార్ష్‌మాలో దెయ్యంతో తిరుగు ప్రయాణం

రౌస్ హిల్ నుంచి హెలెన్స్‌బర్గ్‌కు కారులో అయితే గంటన్నర. మేము మాత్రం మెట్రో, రైలు, నడక, తిరుగులో బస్సు, మళ్లీ రైలు, మళ్లీ మెట్రో అన్నీ కలిపి వెళ్లొచ్చాం. సరిగ్గా హాలోవీన్ వారాంతం చూసుకుని మా కారు గేర్‌బాక్సు మొండికేసింది. మంగళవారం దాకా దాని మీద ఆశ పెట్టుకోవద్దని మెకానిక్ ముందే చెప్పాడు. చంటిపిల్లతో, దాన్ని తోసుకెళ్లే ప్రామ్‌తో ఈ దారిన పోదలచిన వాళ్లెవరైనా ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. వద్దని చెప్పడానికి రాస్తున్నానన్నా తప్పు లేదు.

ప్రయాణానికి కారణం రూబీ. మా ఆరేళ్ల మేధకు ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క ప్రాణస్నేహితురాలు. రెండేళ్లు మా పక్కింట్లో ఉన్నారు. కంచెకు ఒక చెక్క ఊడితే దాన్ని బాగుచేయనివ్వకుండా ఇద్దరూ ఆ సందులోంచే రాకపోకలు సాగించేవారు. శీతాకాలంలో రూబీ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి హెలెన్స్‌బర్గ్‌లో తాతగారింటికి మారారు. ఇప్పుడు అక్కడి నుంచి కూడా పెర్త్ వెళ్లిపోతున్నారు. పెర్త్ అంటే విమానంలోనే ఐదు గంటలు. "శనివారం పెరట్లో హాలోవీన్ పార్టీ, అదే వీడ్కోలు కూడా, రాత్రికి మా నాన్న క్యారవాన్‌లో పడుకోండి" అని రూబీ అమ్మ జెస్ మెసేజ్ పెట్టింది.

ఈ సంగతి చెప్పిన రోజు మేధ "ఓకే" అని బొమ్మలేసుకుంది. ఆ తర్వాత కూడా ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు.

"అది ఏడవకపోవడమే నాకు భయంగా ఉందండీ" అంది మా ఆవిడ లావణ్య. "అన్నీ లోపలే దాచుకుంటుంది. వెళ్లి సరిగ్గా బై చెప్పుకోనివ్వండి దాన్ని."

"నాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్నది. ఆన్‌కాల్, ఎప్పుడు పిలిచినా పలకాలె. మీరు ముగ్గురు పోయి రాండ్రి" అన్నాను.

"ఒళ్లో ఒక పిల్ల, చేతిలో ఒక పిల్ల, పైగా శనివారం ఏకాదశి ఉపవాసం. స్టేషన్ నుంచి నేనొక్కదాన్నే ఆ కొండెక్కాలా? ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకోండి, ఎవరొద్దన్నారు?"

లావణ్యది ఏలూరు, నాది హన్మకొండ. వాదనలో నేను గెలిచిన దాఖలాలు మా ఇంట్లో లేవు. మేధకు తెలుగంతా అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. దాని మాటలు ఇక్కడ చాలావరకు తెలుగు చేసి రాస్తున్నాను. నా ఉద్యోగం గురించి స్కూల్లో అడిగితే "మా నాన్న మ్యూట్‌లో ఉంటాడు" అని చెప్పిందట. ఆ ఒక్క ముక్క తెలుగు చేయడానికి కూడా ఏమీ లేదు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి మా వీధిలో హాలోవీన్ మొదలైంది. ఇక్కడ అది వసంతంలో వస్తుంది, ఏడు దాటితేగానీ పొద్దుగుంకదు. కాబట్టి మా దెయ్యాలు సన్‌స్క్రీన్ రాసుకుని ఎండలో తిరుగుతాయి. మేధ తెల్ల దుప్పటి కప్పుకుని దెయ్యమవుతానంది. కార్తీకమాసంలో, దీపం పెట్టే వేళకు, ఇంట్లోంచి దెయ్యం బయల్దేరడానికి వీల్లేదని లావణ్య తేల్చేసింది. అరగంట మంతనాల తర్వాత గుమ్మడికాయ వేషానికి ఒప్పందం కుదిరింది.

"గుమ్మడికాయైతే మంచిదే. దిష్టి తగలదు" అంది లావణ్య.

ఒక పెద్ద గుమ్మడికాయను నడిపించుకుంటూ, పది నెలల చిన్న గుమ్మడికాయను ప్రామ్‌లో తోసుకుంటూ వీధంతా తిరిగాను. ఒక చెవిలో ఆఫీసు కాల్, రెండో చెవిలో "ట్రిక్ ఆర్ ట్రీట్". మేధ ప్రతి ఇంటి ముందూ తన వాటా ఒకటి తీసుకుని, "నా ఫ్రెండ్‌కి కూడా ఒకటి ఇస్తారా" అని అడిగింది. అందరూ ఇచ్చారు.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. గుమ్మం ముందు సాలెగూళ్లో దీపాలో ఏదైనా అలంకారం ఉన్న ఇంటి తలుపే పిల్లలు తడతారు. ఏమీ లేకపోతే దాటిపోతారు. మేము ఏమీ పెట్టలేదు, మర్నాటి ప్రయాణానికి మూటలు కట్టుకోవాలి కదా. కానీ లావణ్య ఆరున్నరకు అలవాటు ప్రకారం గుమ్మానికి రెండు వైపులా కార్తీక దీపాలు వెలిగించింది. మేము తిరిగి వచ్చేసరికి మా ఇంటి ముందు రక్తపిశాచాలు, అస్థిపంజరాలు, ఒక డైనోసారు బారులు తీరి ఉన్నాయి. ఇంట్లో ఉన్న చాక్లెట్లు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత అరటిపళ్లు. ఆ తర్వాత ప్రయాణానికని చేసుకున్న చేగోడీలు, కాగితం రుమాళ్లలో పొట్లాలు కట్టి.

"ఇందులో గ్లూటెన్ ఉందా?" అని అడిగింది ఒక చిన్న పిశాచం.

"లేదు నాన్నా, బియ్యప్పిండి" అంది లావణ్య. వాడు రెండు తీసుకున్నాడు.

శనివారం ఉదయం తొమ్మిదీ నలభైకి మెట్రో ఎక్కాం. రౌస్ హిల్ స్టేషన్‌కు మా ఇంటి నుంచి పావుగంట నడక. వారాంతాల్లో పది నిమిషాలకొక బండి ఉంటుంది. డ్రైవరు ఉండడు కాబట్టి ముందు అద్దం దగ్గర నిలబడే హక్కు పిల్లలది. మేధ ఆ హక్కు వాడుకోలేదు. సీట్లో కూర్చుని, ముందురోజు పోగుచేసిన లాలీల (ఇక్కడ మిఠాయిలను అలాగే అంటారు) సంచి ఒళ్లో పెట్టుకుని రూబీ వాటా, తన వాటా వేరు చేసింది. టికెట్ కొనే పనిలేదు, గేటు దగ్గర కార్డు తాకిస్తే చాలు. చంటిపిల్లకు చార్జీ లేదు, కానీ నలుగురిలో ఎక్కువ సామాను దానిదే.

సెంట్రల్‌లో దిగాక ప్రామ్ ఉన్నవాళ్లు ఎస్కలేటర్ జోలికి పోకుండా లిఫ్ట్ వెతుక్కోవాలి. ఆ లిఫ్ట్ కోసం మా ముందు రెండు ప్రామ్‌లు, ఒక చక్రాల కుర్చీ, ముందురోజు వేషంలోనే మిగిలిపోయిన ఒక మంత్రగత్తె ఉన్నారు. మంత్రగత్తె మా తెలుగు విని వెనక్కి తిరిగింది.

"అన్నా, మీది వరంగలా?"

నల్గొండ అమ్మాయి, వొల్లొంగాంగ్‌లో యూనిలో చదువుతోంది. రాత్రంతా వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసి వస్తోందట.

"నిన్న పెద్దోళ్లకు హాలోవీన్ టీ పార్టీ పెట్టినం అన్నా. గీ రంగు ఎంత కడిగినా పోతలేదు. తెల్లారగట్ల ఒక తాత నిద్రలేచి నన్ను చూసి దండం పెట్టిండు" అని నవ్వలేక నవ్వింది. రైల్లో మా ఎదుటి సీట్లోనే కూర్చుని, బండి కదలకముందే నిద్రపోయింది. ఆకుపచ్చ మొహంతో, ఒళ్లో పుస్తకాల సంచితో.

సౌత్ కోస్ట్ లైనులో అన్ని బండ్లూ హెలెన్స్‌బర్గ్‌లో ఆగవు. బోర్డు చూసుకుని ఎక్కండి. సదర్లాండ్ దాటాక ఇళ్లు పలచబడి యూకలిప్టస్ అడవి మొదలవుతుంది. చూడదగ్గ దారి అని విన్నాను. నేను చూసింది మాత్రం మోకాళ్ల మీది ల్యాప్‌టాప్‌నే. వాటర్‌ఫాల్ తర్వాత సిగ్నల్ పోయి, వచ్చి, పోయి, అవతలివాళ్లు "మీ గొంతు వినిపించడం లేదు" అని నాలుగుసార్లన్నారు. లావణ్య నిమ్మకాయ నీళ్లు తాగుతూ నాకు డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చింది. తను ఉపవాసం ఉంటూ ఎదుటివాళ్లకు వడ్డించేవాళ్ల ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

పన్నెండూ పదికి హెలెన్స్‌బర్గ్‌లో దిగాం. స్టేషన్ లోయలో ఉంది, ఊరు పైన ఉంది. రూబీ తాత యూట్ వేసుకుని వచ్చాడు, అంటే వెనక తొట్టి ఉండే చిన్న ట్రక్కు. ఆయన్ను ఇంట్లో అందరూ పాప్ అంటారు, మేమూ అదే అన్నాం. యూట్‌లో చైల్డ్ సీట్లు లేవు కాబట్టి పిల్లల్ని ఎక్కించుకోవడానికి వీల్లేదు.

"ప్రామ్, బ్యాగులు నేను తీసుకెళ్తా, పిల్లల్ని మీరు తెచ్చుకోండి. పావుగంట నడక, నో వర్రీస్" అన్నాడు.

చంటిదాన్ని భుజానేసుకుని ఎక్కితే ముప్పావుగంట పట్టింది. మేధ మాత్రం లాలీల సంచి గుండెకు హత్తుకుని మాకంటే ముందు నడిచింది. గేటు దగ్గర రూబీ కనిపించగానే పరుగెత్తింది. ఇద్దరూ కౌగిలించుకోలేదు. చేతులు పట్టుకుని పెరటి వైపు మాయమయ్యారు.

పార్టీ మూడింటికి. పెరట్లో ఎండ, ఈగలు, వేలాడే కాగితపు గబ్బిలాలు. ఒక మూల బార్బీ అనే బార్బెక్యూ పొయ్యి మీద పాప్ సాసేజీలు కాలుస్తున్నాడు. ఆ వాసనకు నా కార్తీక నిష్ఠ చాలాసేపు ఊగిసలాడింది. మామూలు రోజుల్లో బయట అన్నీ తింటాను, ఈ నెలరోజులూ లావణ్య కోసం మానేస్తాను. బ్రెడ్డు, మొక్కజొన్న కంకి, దోసకాయ ముక్కలతో సరిపెట్టుకున్నాను. సరిగ్గా నాలుగింటికి ఆఫీసు వాళ్లు పిలిచారు. క్యారవాన్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాను. బయటికి వచ్చేసరికి ఆరున్నర. పిల్లలందరూ వెళ్లిపోయారు.

"ఇంత మంచి సాయంత్రాన్ని పోగొట్టుకున్నారు" అంది లావణ్య. "జెస్ ఇద్దరు పిల్లల్నీ వంటింట్లో కూర్చోబెట్టి ఏవేవో చేయించింది. మేధ ఎంత నవ్విందో."

ఏం చేయించిందో నేను అడగలేదు. ఆ రాత్రి క్యారవాన్‌లో నలుగురం ఇద్దరి మంచం మీద సర్దుకున్నాం. నా వాటాకు అంచు వచ్చింది.

ఆదివారం ఉదయం ఏడింటికి నాకొక పని అప్పగించారు. దాని గురించి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో ఏ లాలీ అయినా నోట్లోకి వెళ్లే ముందు ఒకసారి వెనక్కి తిరుగుతుంది. వెనక చిన్నక్షరాల్లో జెలటిన్ అని ఉంటే అది మాకు పనికిరాదు. జెలటిన్ అంటే ఎముకల నుంచి, తోలు నుంచి తీసే జిగురు. ఇక్కడి మెత్తటి మిఠాయిల్లో చాలావాటిలో ఉంటుంది, అదీ ఎక్కువగా ఆవుది. ఇక్కడి మన పిల్లలకు ఏబీసీడీల తర్వాత వచ్చే మొదటి పెద్ద మాట ఇదేనంటే అతిశయోక్తి కాదు.

"తొమ్మిదిన్నరకు గుడికి వెళ్తున్నాం" అంది లావణ్య. "ఈ ఊరి వెంకటేశ్వరస్వామి గుళ్లోకి ఆ సంచితో వెళ్లలేను. అది నిద్ర లేవకముందే ఏరేయండి. అనుమానంగా ఉంటే తీసేయండి, అంతే."

క్యారవాన్ మెట్ల మీద కూర్చుని సంచి కుమ్మరించాను. రూబీ వాటా రూబీకి చేరినట్టుంది, మిగిలింది మేధదే. చిన్న పొట్లాల మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దవి చేసి చదివాను. మంచివి ఒక కుప్ప, పనికిరానివి ఒక కుప్ప. పనికిరాని కుప్ప పాప్ చేతుల్లో పోస్తే, వాలంటీరు ఫైర్ బ్రిగేడ్ షెడ్డులో కుర్రాళ్లు ఊడ్చేస్తారని సంతోషంగా తీసుకెళ్లాడు.

అడుగున టిష్యూ కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి మిగిలింది. విప్పితే పుల్లకు గుచ్చిన మార్ష్‌మాలో, దూదిలా మెత్తగా ఉండే మిఠాయి. ఏదో రంగు పూసి ఉంది, కొంచెం నలిగింది. పొట్లం మీద అక్షరాలు లేవు కాబట్టి నిర్ధారించే దారి లేదు. అనుమానం కాబట్టి తీసేయాలి. చేత్తో పట్టుకున్నదాన్ని ఎవరికో ఇవ్వలేం. చెత్తడబ్బా పెరటి చివర చెట్టు కింద ఉంది. ఆ చెట్టు మీద మాగ్‌పై పిట్ట గూడు పెట్టింది. వసంతంలో వాటి గూటి కింద నడిస్తే నెత్తిన పొడుస్తాయి. ముందురోజు సాయంత్రం దాని రుచి నాకు తెలిసింది. ఒళ్లంతా నొప్పులు, కడుపులో నిన్నటి మొక్కజొన్న, కళ్ల మీద నిద్ర.

నోట్లో వేసుకున్నాను. రెండు నమిలి మింగాను. పుల్ల మెట్ల కింద పడేశాను.

తొమ్మిదింటికి వీడ్కోలు. గేటు దగ్గర రూబీ వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. దాని చేతిలో ఒక చిన్న డబ్బా. తెరిచి మేధకు చూపించింది. దూదిలో పడుకోబెట్టి ఉంది, పుల్లకు గుచ్చిన మార్ష్‌మాలో. దానికి కళ్లు ఉన్నాయి, బుల్లి దెయ్యం.

"నీ బూ ఎక్కడ?" అంది రూబీ.

మేధ తన సంచి తట్టి చూపించింది. "నిద్రపోతున్నాడు" అంది.

"నువ్వు పెర్త్ వచ్చినప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెడదాం. ప్రామిస్?"

"ప్రామిస్."

జెస్ కళ్లు తుడుచుకుంటూ నాతో అంది: "నిన్న సాయంత్రమంతా కూర్చుని చేశారు. ఒక్కటి కూడా తినలేదు, చూడండి."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మేధ అప్పుడు కూడా ఏడవలేదు. సంచి జిప్పు సరిగ్గా ఉందో లేదో మాత్రం రెండుసార్లు చూసుకుంది.

జెస్ ఎవరి దగ్గరో చైల్డ్ సీట్లు అరువు తెచ్చి బిగించి, మమ్మల్ని తన కారులో గుడి దగ్గర దింపింది. గుడికి బస్సు లేదు, కారు ఉండాల్సిందే. అడవి మధ్యలో తెల్లటి గోపురం ఎవరికైనా బాగుంటుంది. ఆదివారం, పైగా కార్తీకం కావడంతో బారు చాలా పొడవుగా ఉంది. చంటిదాన్ని ఎత్తుకుని గంటసేపు నిలబడ్డాక దర్శనం దొరికింది. నేను స్వామి ముందు కళ్లు మూసుకున్నాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. గుడికి వచ్చే ముందు ఏం తిన్నానో ఆయనకు తెలుసు. అది ఆయన క్షమిస్తాడేమో అన్న ధైర్యం కొంచెం ఉంది. జిప్పు రెండుసార్లు చూసుకున్న పిల్ల పక్కనే చేతులు జోడించి నిలబడి ఉంది, అక్కడే ఏ ధైర్యమూ రాలేదు.

క్యాంటీన్‌లో దోసెలు వేడివేడిగా ఉన్నాయి. లావణ్య ద్వాదశి పారణ అక్కడే అయింది. మేధ ఒకటి పూర్తిగా తింది. నేను తినలేకపోయాను.

"ఏంటండీ, మీరు దోసె వదలడమా?" అంది లావణ్య అనుమానంగా.

"అలసిపోయిన" అన్నాను. అది అబద్ధం కాదు కానీ నిజమంతా కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు పాప్ జెస్ కారు తెచ్చి స్టేషన్‌లో దింపాడు. అక్కడ తెలిసింది, పట్టాల పనుల వల్ల ఆ రోజు మధ్యాహ్నం నుంచి సదర్లాండ్ దాకా రైళ్లు లేవని, బదులుగా బస్సులని. ప్రయాణానికి ముందు ట్రాక్‌వర్క్ సంగతి ఒకసారి చూసుకోమని మీకు చెప్పే అర్హత నాకు లేదు, అయినా చెబుతున్నాను. నలభై నిమిషాలు ఎండలో నిలబడితే బస్సొచ్చింది. మా పక్కన ఒక ముసలావిడ పెద్ద ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. మనవళ్ల పార్టీ నుంచి తిరిగి వెళ్తోందట.

"దీనికి సీటు బెల్టు పెట్టాలా?" అని డ్రైవరును అడిగింది.

"మీకు పెట్టుకోండి మేడమ్, దానికి ఇప్పటికే జరగాల్సింది జరిగింది" అన్నాడు.

బస్సంతా నవ్వింది. మేధ నా భుజం మీద నిద్రపోయింది, చెయ్యి సంచి మీదే.

సదర్లాండ్ నుంచి సెంట్రల్ దాకా రైల్లో ఒకటే ఆలోచన. సెంట్రల్‌లో దిగి, ఏ దుకాణంలోనో ఒక మార్ష్‌మాలో ప్యాకెట్ కొని, పెన్నుతో రెండు కళ్లు పెట్టి, టిష్యూలో చుట్టి సంచిలో వేసేస్తే? దుకాణం దాకా వెళ్లాను కూడా. ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తట్టింది, ఆ కళ్లు ఏ రంగువో నాకు తెలియదు. చూడకుండానే మింగాను. ప్యాకెట్ అక్కడే పెట్టేసి వచ్చాను.

మెట్రో నాలుగూ పావుకు ఎక్కాం. చాట్స్‌వుడ్ దాటాక మేధ నిద్రలేచింది. ఎప్పింగ్‌లో సంచి తెరిచింది. ఒక్కొక్కటీ తీసి సీటు మీద పెట్టింది. చాక్లెట్లు, బిస్కెట్లు, ఒక ప్లాస్టిక్ సాలీడు. సంచి తిరగేసి దులిపింది. మళ్లీ లోపల చెయ్యి పెట్టి వెతికింది.

"అమ్మా, బూని బిన్‌లో వేశావా?"

"బూ ఎవరమ్మా?" అంది లావణ్య, భుజం మీద చంటిదాన్ని సర్దుకుంటూ. "సంచి నాన్న చూశారు కదా."

"నువ్వే చెప్పి ఉంటావు. జెలటిన్ ఉందని."

మా ఇంట్లో కట్టుబాట్లన్నీ అమ్మవే అని దానికి తెలుసు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సొరంగంలో కిటికీ నల్లగా ఉంది. లావణ్య నీళ్ల సీసా ఇవ్వబోతే తీసుకోలేదు. నేను సీటు మీది చాక్లెట్లు సంచిలోకి సర్దసాగాను. చెర్రీబ్రూక్ వచ్చింది, పోయింది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క స్టేషన్ సేపూ నాకు ప్రాణం తేలికపడింది. తప్పు వేరే వాళ్ల మీద పడితే ఇంత సుఖంగా ఉంటుందని అంతకుముందు తెలియదు. కానీ ఉపవాసంతో, చంటిదానితో ఆ కొండెక్కిన మనిషి నీళ్ల సీసా పట్టుకుని అలాగే చెయ్యి చాచి కూర్చుంది. అది చూడలేకపోయాను.

"మేధా, బూని అమ్మ పడెయ్యలే" అన్నాను. "నేను తిన్న."

మేధ ఇటు తిరిగింది. "యూ ఏట్ హిమ్?"

"తిన్న బిడ్డా. ఎవరిదో తెల్వక."

"మొత్తం?"

"మొత్తం."

"కళ్లు కూడా?"

"కళ్లు కూడా."

"ఒక కన్ను బ్లూ, ఒక కన్ను గ్రీన్. చూశావా?"

"చూడలే."

లావణ్య నోరు తెరిచింది. "ద్వాదశి పూట, గుడికి వెళ్లే ముందు..." అని మొదలుపెట్టి మేధ వైపు చూసి ఆగిపోయింది.

మేధ కింది పెదవి వణికింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు మార్ష్‌మాలో కోసం వచ్చిన ఏడుపు కాదు. నెల రోజులుగా ఎక్కడో కట్టేసి ఉంచింది ఒక్కసారిగా తెగింది. మెట్రో డబ్బా అంతా మా వైపు చూసింది. క్రికెట్ బట్టల్లో ఉన్న ఒకాయన లేచి వచ్చి టిష్యూల ప్యాకెట్ ఇచ్చి, ఏమీ అడగకుండా వెళ్లి కూర్చున్నాడు. క్యాజిల్ హిల్ నుంచి నార్‌వెస్ట్ దాకా అది నా చొక్కా తడిపేసింది.

"నాకు తెలుసు వాడిలో జెలటిన్ ఉందని" అంది వెక్కుతూ. "జెస్ దగ్గర ప్యాకెట్ మీద నేనే చదివాను. నేను తినేదాన్ని కాదు. ఊరికే దాచుకుందామనుకున్నాను. రూబీ వెళ్లిపోతోంది నాన్నా. రూబీ వెళ్లిపోతోంది."

"అవునమ్మా, వెళ్లిపోతోంది" అంది లావణ్య, దాని తల నిమురుతూ. లావణ్య కూడా ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆరేళ్ల పిల్లకు లేబుల్ చదివే తెలివుంది, నియమం తెలుసు, పాటించడమూ తెలుసు. మా ముగ్గురిలో నియమం తప్పింది నేనొక్కడినే. ఇంత దూరం పోయి, ఇంత అలసిపోయి, నేను కళ్లారా చూసినవి ఏమిటని లెక్కేసుకుంటే ల్యాప్‌టాప్, చిన్నక్షరాలు, బస్సులో అస్థిపంజరం. నా కూతురు రెండున్నర గంటలు కూర్చుని చేసింది మాత్రం చూడలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే: బండి ఎక్కడ ఆగుతుందో, బస్సు ఎన్నింటికో ఎవరైనా చెబుతారు. పిల్లల సంచి విప్పే ముందు పిల్లల్ని అడగండి.

బెల్లా విస్టా దాటాక మెట్రో వంతెన మీదికి వచ్చింది. డబ్బాలోకి ఎండ వచ్చింది. మేధ ముక్కు తుడుచుకుని, అమ్మ చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుని తాగింది. తర్వాత నా పొట్ట వైపు చాలాసేపు చూసి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకా లోపలే ఉన్నాడా?"

"ఉన్నడు."

"అయితే పెర్త్‌కి నువ్వు కూడా రావాలి. బూ లేకుండా నేను వెళ్లలేను కదా."

"వస్త."

"మ్యూట్‌లో కాదు."

"కాదు బిడ్డా."

లావణ్య నా జేబులోంచి ఫోన్ తీసి డైపర్ల సంచి అడుగున వేసింది. "జెలటిన్ సంగతి ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అంది, నవ్వు ఆపుకుంటూ.

రౌస్ హిల్‌లో దిగేసరికి ఐదు దాటింది. లిఫ్ట్ ముందు బోలెడు జనం, సామాను, సైకిళ్లు. ప్రామ్‌తో లోపలికి తోసుకుని వెళ్లాం, వెనకనుంచి ఇంకొందరు ఎక్కారు. ఎవరిదో బ్యాగు నాకు తగలబోయింది. మేధ నా ముందుకొచ్చి రెండు చేతులూ నా పొట్టకు అడ్డం పెట్టి నిలబడింది.

"మెల్లగా నాన్నా" అంది, తెలుగులో. "బూ నలిగిపోతాడు."